ఉప్పెన, తలరంగు, పాత సినిమా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, ఏ విషయమును గూర్చి యని అడిగితిని. "మీ ఇష్టమండీ. గ్రంథాలయోద్యమం గురించి ఇప్పటికే ముగ్గురు చెబుతున్నారు, మీరు ఇంకేదైనా చెప్పండి" అనిరి. "అట్లయిన ఉప్పెనను గూర్చి, తలకు వేసికొను రంగును గూర్చి, పాత సినిమాలను గూర్చి చెప్పెద"నంటిని. వారు నవ్వి, ఈ మూటికిని పొత్తెక్కడిదని అడిగిరి. పొత్తు కలదు. అది నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. మా యింటిలో చూచి తెలిసికొన్నది. దానిని మీకు చెప్పి, కడపట ఈ గ్రంథాలయమువారిని ఒక కోరిక కోరి, నా ప్రసంగమును ముగింతును.

ముందుగా ఈ గ్రంథాలయము పుట్టినచోటును జ్ఞాపకము చేసికొందము. ఇరువదియైదేండ్ల క్రిందట ఇది సొంత భవనములో పుట్టలేదు. తుపాను ఆశ్రయ భవనపు మేడగదిలో, రెండు చెక్క బీరువాలతో, ఒక బల్లతో పుట్టినది. అంతకు పూర్వము స్తంభములమీద నిలిచిన ఆ కట్టడము తుపాను లేని దినములలో మేకలకు నీడగా నుండెను. కిటికీ రెక్కలు ఒక్కొక్కటిగా మాయమైనవి. మెట్లమీద గడ్డి మొలిచినది. గ్రంథాలయము వచ్చిన పిమ్మట ఆ గదికి తాళము వచ్చినది, దీపము వచ్చినది, మెట్లు ఊడ్చు మనిషి వచ్చెను. దానివలన నేను నేర్చుకొన్న దొక్కటి: ఆపదనాడు పనికిరావలసినది ఆపద లేని నాడు గూడ వాడుకలో నుండవలయును. కట్టడముల విషయమున నెంత నిజమో, జ్ఞాపకముల విషయమునను అది యంతే నిజము.

ఇక ఉప్పెన. మన పిల్లలు ఈ మాటను వినియున్నారు గాని, తుపానునకు, ఉప్పెనకు గల భేదము చాలమందికి తెలియదు. గాలివానలు మనకు క్రొత్త కాదు. ఉప్పెన యనగా సముద్రమే లేచి ఊరిమీదికి వచ్చుట. తుపాను కేంద్రమున వాయుపీడనము తగ్గును గనుక అచ్చటి నీటిమట్టము కొంత పైకి లేచును. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీరు సుమారు ఒక సెంటీమీటరు లేచును. ఇది స్వల్పము. అసలు బలము గాలిది. మన ఉత్తరార్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురు దిక్కున సుడితిరుగును. కావున తుపాను పయనించు దారికి కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. కృష్ణానది సముద్రమున గలియు ప్రాంతమున కడలి లోతు తక్కువ. నేలయా, మిక్కిలి పల్లము. గాలి త్రోసిన నీటికి క్రిందికి పోవుటకు తావులేదు. అది గోడవలె పైకి లేచి పొలములమీద బడును.

1977 నవంబరు 19, శనివారమునాటి తుపాను చీరాల చేరువను తీరము దాటినది. దివిసీమ దానికి కుడివైపున చిక్కినది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. దానితోగూడ సుమారు 5 మీటర్ల యెత్తున, అనగా ఇంచుమించు మూడు నిలువుల యెత్తున, సముద్రము వచ్చిపడినది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది, మూలపాలెము మొదలగు గ్రామములలో జరిగినది ఈ సభలోని పెద్దలకు చెప్పనక్కరలేదు. పదివేలమంది వరకు, అంతకు మించియు, మరణించిరని లెక్కలు. పశువులకు లెక్కయే లేదు.

ఇది మన తీరమున మొదటిది గాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ఉప్పెన ముంచెత్తినపుడు సుమారు 30,000 మంది చనిపోయిరని చరిత్ర చెప్పుచున్నది. కాని 1977లో మా ఊరివారిలో ఎందరికి 1864 సంగతి తెలిసియుండెను? నాకు తెలియదు, నేను ఉపాధ్యాయుడను. తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పినది. గాలి వచ్చునని అందరు తలుపులు బిగించుకొనిరి. నీరు వచ్చునని ఎవరును తలపలేదు. నూటపదమూడేండ్లలో ఆ జ్ఞాపకము పూర్తిగా తుడిచిపెట్టుకొనిపోయినది.

నాకు అప్పుడు ఇరువదిరెండేండ్లు. ఉద్యోగములో చేరి యేడాది కాలేదు. మూడవనాడు నేనును, మా నాయనగారును కాలినడకను మా మేనత్త యుండు ఊరికి పోయితిమి. ఆ దారిని నేను వర్ణింపను. చూచినవారికి వర్ణన అక్కరలేదు. చూడనివారికి వినిపించుటకు ఈ ఉత్సవము తగిన సమయము గాదు. మా మేనత్త ఒక గుడి మండపములో కూర్చుండియుండెను. తుమ్మచెట్టు కొమ్మను కావలించుకొని రాత్రియంతయు నిలిచినదట. ముండ్లకు రెండు చేతులును చీరుకొనిపోయినవి. ఆమె భర్తయు, తొమ్మిదేండ్ల కుమారుడును కానరాలేదు. తరువాతను కానరాలేదు. వారి శరీరములు గూడ దొరకలేదు.

ఆమెను మా యింటికి తోడ్కొని వచ్చితిమి. ఆమెకు అప్పుడు ముప్పదియాఱేండ్లు. ఆరేడు నెలలు గడచునప్పటికి ఆమె జుట్టు మొదళ్ళు చాలవరకు తెల్లబడినవి. ఊరిలో అందరును "ఒక్క రాత్రిలో నెరిసిపోయింది" అని చెప్పుకొనిరి. ఆ మాట నిజము గాదు. ఒకసారి పెరిగి బయటికి వచ్చిన వెంట్రుక నిర్జీవ పదార్థము. దాని రంగు ఒక రాత్రిలో మారుటకు వీలులేదు. వెంట్రుక మొదట, చర్మములోపల, నల్లని వర్ణద్రవ్యమును తయారుచేయు కణములున్నవి. అవి తరిగిపోయినచో ఆ పిమ్మట పెరుగు వెంట్రుక తెల్లగా వచ్చును. అయితే దుఃఖమునకు, నెరయుటకు సంబంధము లేదనియు చెప్పరాదు. తీవ్రమైన ఒత్తిడికి లోనైన ఎలుకలలో నాడులు ఉద్రేకించి, ఆ వర్ణకణములకు మూలమైన కణములను అంతరింపజేయుచున్నవని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ప్రజలు కాలమును తప్పుగా చెప్పిరి గాని, కారణమును పూర్తిగా తప్పు చెప్పలేదు.

ఆమె ఏడ్చుట నేను చూడలేదు. నవ్వుటయు చూడలేదు. వంటచేసెడిది, గొడ్లకు మేత వేసెడిది, అడిగినదానికి బదులు చెప్పెడిది. నుదుట కుంకుమ మాత్రము తీయలేదు. పెద్దలు ఒకరిద్దరు దానిని గూర్చి మా నాయనగారితో ప్రస్తావించిరి. "శవం దొరికిందా? దొరికినప్పుడు చెప్పండి" అని ఆయన కోపించెను. ఆపై ఎవరును అడుగలేదు.

ఇక సినిమా మాట. ఉప్పెన వచ్చిన పిమ్మట మనవైపు చూచినవారిలో సినిమావారును కలరు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు ఊరూర తిరిగి బాధితులకొరకు విరాళములు పోగుచేసిరి. తెరమీద దేవతలుగను, మహారాజులుగను చూచినవారు వీధిలో నిలిచి చేయి చాచుట ప్రజలకు అపూర్వముగా నుండెను. కాని నేను చెప్పదలచిన సినిమా ఆ విరాళముల సంగతి గాదు. ఇల్లు కట్టుకొన్న తరువాత, బియ్యము దొరికిన తరువాత, మనిషికి ఇంకను ఏదో కావలసియుండును గదా. ఆ సంగతి.

1979 వేసవిలో మా పొరుగూరికి టూరింగు టాకీసు వచ్చినది. గుడారము, నేల టిక్కెట్టు, బెంచి టిక్కెట్టు, వెనుకనెక్కడనో దడదడలాడు జనరేటరు. ఒక్క యంత్రము గనుక చుట్ట మార్చినప్పుడెల్ల దీపములు వెలిగెడివి. పిల్లలు లేచి సోడాలకు పరుగెత్తెడివారు. అక్కడ 'మాయాబజార్' ఆడుచుండెను. అది 1957లో వచ్చిన చిత్రము. అప్పటికే ఇరువదిరెండేండ్ల పాతది. మా అమ్మ పట్టుబట్టి మా మేనత్తను బయలుదేరదీసినది. ఆమె బండిలో కూర్చున్నదే గాని, వచ్చుచున్నట్లు లేదు, మానుచున్నట్లు లేదు.

ఆ చిత్రమును చూడనివారు ఇచ్చట నుండరు. అందులో ప్రియదర్శిని యను పెట్టె యొకటి కలదు. దానిని తెరచి చూచినవారికి తమకు అత్యంత ప్రియమైన దేదో అది కానవచ్చును. ఆ ఘట్టము వచ్చినపుడు గుడారమంతయు నవ్వుచుండెను. ఎవరి ప్రీతి ఎచ్చట నున్నదో బయటపడుచుండగా నవ్వక యెట్లుందురు? నేను ప్రక్కకు చూచితిని. మా మేనత్త కన్నులనుండి నీరు ధారగా కారుచుండెను. ముఖము మాత్రము కదలలేదు. ఉప్పెన వచ్చిన పిమ్మట ఆమె ఏడ్చుట అదియే మొదటిసారి. తరువాత ఎస్.వి. రంగారావుగారు ఘటోత్కచుడై, పెండ్లివారికని వండిన వంటకములన్నిటిని తామొక్కరే ఆరగించు ఘట్టము వచ్చినది. లడ్డూలు తమంతట తాము ఎగిరి ఆయన నోటిలోనికి పోవుచుండగా, మా మేనత్త చెంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వెను. మా అమ్మ నా చేతిని గట్టిగా పట్టుకొన్నది. మేమిద్దరము తెరను చూచుట మాని ఆమెనే చూచుచుంటిమి.

తిరిగి వచ్చునపుడు బండిలో ఆమె ఒక్క మాట యనెను: "ఆ పెట్టె నాకిస్తే ఎవరు కనపడతారో నాకు తెలుసురా అబ్బాయ్." నేను బదులు చెప్పలేకపోయితిని.

సినిమాలు వినోదమే గాని వానివలన ప్రయోజనమేమి యని ప్రశ్నించువారున్నారు. అన్ని సినిమాలను గూర్చి నేను వాదింపను. ఆనాడు ఆ గుడారములో మూడు నాలుగు వందలమంది కూర్చుండిరి. వారిలో తనవారిని పోగొట్టుకొననివారు అరుదు. విడివిడిగా ఏ యింట వా రా యింట ఏడ్వలేకపోయిరి. చీకటిలో ఒకచోట కూర్చుండి, మరియొకరి కథను చూచుచు, ఏడ్వగలిగిరి, నవ్వగలిగిరి. ఆ పని వైద్యుడు చేయలేదు, సర్కారు చేయలేదు. ఇరువదిరెండేండ్లనాటి పాత చిత్రము చేసినది.

పది దినములైన తరువాత మా మేనత్త నన్ను పిలిచి, పచారికొట్టునుండి కరక్కాయలు, ఉసిరికపెచ్చులు తెచ్చిపెట్టుమని అడిగినది. ఆమె పుట్టినయూరు పెడనకు చేరువది. అచ్చటి కలంకారీ అద్దకమువారు బెల్లపు నీటిలో తుప్పుపట్టిన ఇనుపముక్కలను దినముల తరబడి నానబెట్టుదురు. కరక్కాయ కషాయములో ముంచిన బట్టమీద ఆ నీటితో గీత గీచినచో ఆ గీత నల్లగా మారును. కరక్కాయలోని వగరునకు, ఇనుమునకు గల సంబంధ మది. మా మేనత్త ఇనుప మూకుడులో గోరింటాకు ముద్ద, కరక్కాయపొడి, ఉసిరికపొడి కలిపి రాత్రియంతయు నానబెట్టినది. ఉదయమునకది కాటుకవలె నైనది. దానిని తలకు పట్టించుకొని పెరటిలో ఎండలో కూర్చున్నది.

ఇరుగుపొరుగువారు ఊరకుందురా? "ఇప్పుడీమెకు ముస్తాబు కావలసి వచ్చిందా" అని ఒకరు, "సినిమా చూసిందిగా" అని ఒకరు అనిరి. నా మనస్సులోను అట్టి ప్రశ్నయే కలిగినదని ఒప్పుకొనుచున్నాను. చదువుకొన్నవాడను గనుక బయటికి అనలేదు, అంతియే భేదము. సాయంకాలము నేనే మెల్లగా అడిగితిని: "ఇప్పుడీ రంగెందుకత్తా?" ఆమె జడ అల్లుకొనుచు చెప్పినది: "వాడు నన్ను నల్లజుట్టుతో చూసి వెళ్ళాడు. ఎక్కడో బతికుండి తిరిగొస్తే, ఈ తెల్లజుట్టు చూసి ఎవరో ముసల్ది అనుకుని పోడూ?"

సోదరీసోదరులారా, ఆనాటినుండి తలకు రంగు వేసికొన్నవారిని చూచి నేను నవ్వలేదు. ఎవరు ఎందుకొరకు వేసికొనుచున్నారో మనకేమి తెలియును? ఒకరు ఉద్యోగమునకై, ఒకరు పెండ్లిచూపులకై, ఒకరు అద్దములో తమను తాము గుర్తుపట్టుటకై. సినిమాలలో దీనికి విపర్యాసము చూతుము. 1962 నాటి 'భీష్మ' చిత్రమున రామారావుగారు నడివయస్సుననే తెల్లగడ్డముతో పితామహుడైరి. 1972 నాటి 'బడిపంతులు'లో తలనెరసిన ఉపాధ్యాయుడై, మావంటి ఉపాధ్యాయులచేత కన్నీరు పెట్టించిరి. తెరమీద నల్లజుట్టువారు తెల్లజుట్టు పెట్టుకొందురు. తెర యీవల తెల్లజుట్టువారు నల్లజుట్టు చేసికొందురు. రెండును ఎదుటివారు తమను ఒకానొక విధముగా చూడవలెనను కోరికయే.

అయితే రంగు విషయమున ఒక హెచ్చరిక చేయక వదలరాదు. అది నా అనుభవమే. నా నలువదియెనిమిదవ యేట మా అమ్మాయి పెండ్లిచూపులకు ముందురాత్రి బజారులో ఒక పొట్లము కొని తెచ్చి, పొట్లముమీది యక్షరములు చదువక, తలకు పట్టించితిని. ఊరివారికందరికి చదువుము చదువుమని చెప్పు పంతులు చేసిన పని యిది. తెల్లవారునప్పటికి కనురెప్పలు పూరీలవలె పొంగినవి, చెవులు ఎఱ్ఱబడినవి, నుదురు దురదపెట్టినది. వచ్చినవారు పెండ్లికూతురును చూచుటకు మారుగా నన్ను చూచిరి. సంబంధము కుదిరినది గనుక నేడు నవ్వుచు చెప్పగలుగుచున్నాను.

వైద్యుడు నాకు చెప్పిన దానిని మీకును చెప్పెదను. గోరింటాకులోని రంగు వెంట్రుకకు అంటుకొని ఎఱ్ఱదనము నిచ్చును. దానికి నీలియాకు తోడైనచో నలుపు వచ్చును. బజారులో దొరకు నల్లరంగులలో పెక్కింట పారాఫినిలీన్‌డయమిన్ అను రసాయనముండును. అది హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి వెంట్రుకలోపలికి పోయి, అచ్చట పెద్ద రేణువులుగా మారి, కడిగినను పోని రంగగును. కొందరి శరీరమునకు అది పడదు. పడనివారికి ప్రతిసారి బాధ హెచ్చును. కావున మొదట చెవి వెనుకగాని, మోచేతి మడతలోగాని కొంచెము పూసి రెండు దినములు చూడవలెను. నల్ల గోరింట యను పేరుతో అమ్ముదానిలోను ఈ రసాయనము కలిసియుండవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, అది కడుపులోనికి పోయినచో గొంతు వాచి ఊపిరాడక, మూత్రపిండములు చెడి, ప్రాణము పోవచ్చును. పిల్లల కందనిచోట నుంచుడు. ఇంటిలో మనస్సు బాగుండనివారు ఎవరైన నున్నచో, అసలే ఉంచకుడు.

మరల మా మేనత్త సంగతికి వత్తును. 1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వార ప్రాంతముననే మరియొక పెనుతుపాను తీరము దాటినది. అదియు మిక్కిలి బలమైనదే. ఆ తుపానులో మరణించినవారు వెయ్యికి చేరువ. అది చిన్న సంఖ్య కాదు; కాని పదివేలు కాదు. ముందుగా హెచ్చరికలు వచ్చినవి, లక్షకు మించిన జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. ఈ రెండును పుస్తకములలో నున్నవి. పుస్తకములలో లేని మూడవ కారణమును నేను చూచితిని. 1977ను చూచినవారు అప్పటికి బ్రతికియుండిరి. రేడియో చెప్పినను, నేను చెప్పినను గడప దాటనని భీష్మించుకొన్న ముసలివా రొకరుండిరి. మా మేనత్త ఆయన వాకిట నిలిచి, చీరుకొనిపోయిన గుర్తులున్న రెండు చేతులును చాచి చూపినది. "మామా, గాలి కాదు, నీళ్ళొస్తాయి. గాలి ఆగినా బయటికి రాకు, ఎదురు గాలి వస్తది. లే, బండెక్కు" అన్నది. ఆయన మారుమాటాడక లేచెను.

ఆమె చెప్పినది శాస్త్రము. తుపాను కన్ను మీదుగా పోవునపుడు గాలి కొంతసేపు దాదాపుగా ఆగును. అది శాంతించినదని జనము బయటికి వత్తురు. అంతలో ఎదురు దిక్కునుండి మరల అంత బలముగను వీచును. ఈ సంగతి మా మేనత్త చదివి తెలిసికొన్నది గాదు.

ఆ తుపాను గడచిన పిమ్మట ఆమె తలకు రంగు వేయుట మానినది. కొన్నాళ్ళకు గుర్తించి, కరక్కాయలు తేవలెనా యని అడిగితిని. "వద్దులేరా. వాడికిప్పుడు ఇరవై రెండేళ్ళొస్తాయి. ఇక వాణ్ణి నేను గుర్తుపట్టాలి గాని, వాడు నన్నేం గుర్తుపడతాడు" అన్నది. పదమూడేండ్లు ఆమె ఆ బాలునికి ఏటేట వయస్సు పెంచుచునే యున్నదని నాకప్పుడు తెలిసినది.

2010 జనవరిలో 'మాయాబజార్' రంగులలో వచ్చినది. నలుపు తెలుపు చిత్రమునకు యంత్రసహాయముతో రంగులద్దిరి. మా మనుమని తీసికొని విజయవాడ పోయి చూచితిని. వానికి రంగులు నచ్చినవి. నాకు మార్కస్ బార్ట్లీగారు నలుపు తెలుపులలోనే సృష్టించిన వెన్నెల మీద మక్కువ. అయినను నేను వానితో వాదింపలేదు. ఏలయన, రంగుల చిత్రమువలన ఒక క్రొత్త తరము ఆ కథ దగ్గరకు వచ్చినది. నలుపు తెలుపుల చిత్రము చెడలేదు, అదియు ఉన్నది. మూలము భద్రముగా నున్నంతవరకు రంగు వేసికొనుటలో దోషము లేదు. మూలమే పోయినపుడు చిక్కు.

మూలములు పోవుట మనకు క్రొత్త గాదు. మన దేశములో తయారైన మూకీ చిత్రములు వేయికి పైబడినవి. నేడు మిగిలినవి కొలదిగా మాత్రమే. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'ను ఈనాడు చూడ వీలులేదు. ఆనాటి ఫిలిము త్వరగా అంటుకొను స్వభావము గలది. తరువాతి ఫిలిము తేమకు, వేడికి పులిసి చెడునది. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసి భద్రపరచుట ప్రారంభించునప్పటికే ఎన్నియో పోయినవి. వేలమంది చూచి ఆనందించినవి, ఎవరును దాచక పోయినవి. చూచినవారు చాలమంది యున్నారు గదా యని ఎవరికి వారు నిశ్చింతగా నుండిరి.

మహాజనులారా, నేను చేసిన తప్పును గూడ ఈ సభలో చెప్పుకొనవలెను. మా మేనత్త 2011లో కాలము చేసినది. ముప్పదిమూడేండ్లు మా యింట నున్నది. ఆ రాత్రి నీరు ఏ దిక్కునుండి వచ్చినది, ఎంతసేపు నిలిచినది, తిరిగి సముద్రములోనికి లాగునపుడు ఎట్లుండెను, ఏ గోడలు నిలిచినవి, ఏ చెట్లు నిలిచినవి, ఇవి యన్నియు ఆమెకు తెలియును. అప్పుడప్పుడు చెప్పినది. నేను విన్నాను. బడిపంతులును, ఇంటినిండ కాగితములు, చేతిలో కలము. ఒక్క పుట వ్రాసికొనలేదు. ఇంటిలోనే యున్నది గదా, ఎప్పుడైన అడుగవచ్చునని యుంటిని. నేడు మీకు చెప్పినది నా జ్ఞాపకములో మిగిలిన చిల్లర మాత్రమే.

ఉప్పెననాడు పదేండ్ల బాలుడుగా నున్నవాడు నేడు అరువదికి చేరువైనాడు. ఆనాడు సంసారము చేయుచున్నవారిలో మిగిలినవారు కొలదిమంది. ఇంకొక ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునపుడు ఉప్పెనను కంటితో చూచినవారు ఈ యూరిలో బహుశః ఎవరు నుండరు. 1864ను మరచిన మన పెద్దలను నిందింపలేము. వారికి అక్షరములు లేవు, గ్రంథాలయము లేదు. మనకు రెండును ఉన్నవి. మనము మరచినచో మనకు సాకు లేదు.

కావున ఈ గ్రంథాలయమువారిని నేను కోరునది మూడు పనులు.

మొదటిది. ఒక లావుపాటి పుస్తకమును కుట్టించుడు. చదువుకొన్న పిల్లలను ఇద్దరిద్దరుగా పంపి, ఉప్పెనను చూచిన ప్రతి వృద్ధుని, ప్రతి వృద్ధురాలిని కలిసికొని, వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాయింపుడు. చరవాణిలో గొంతును పట్టియుంచుట సులభమే, అదియు చేయుడు. కాని కాగితముమీదను ఉండవలెను. ఉప్పెన మాత్రమే అడుగకుడు. ఆ తరువాత మొదట ఏమి వండుకొనిరి, మొదట ఎప్పుడు నవ్విరి, ఏ సినిమా చూచిరి, ఇవియు అడుగుడు. ఎట్లు మునిగితిమో తెలియుట ఎంత యవసరమో, ఎట్లు తేలితిమో తెలియుటయు అంత యవసరము.

రెండవది. మన ఊరిలో నీరు ఎంతవరకు లేచినదో తెలిసినవారు ఇంకను ఉన్నారు. ఆ మట్టమును గ్రంథాలయపు గోడమీద చెరగని రంగుతో ఒక గీతగా వేయింపుడు. క్రింద తేదీ వ్రాయింపుడు. పుస్తకము చదువని బాలుడు గూడ ఆ గీత తన తలకంటె ఎంత యెత్తున నున్నదో ప్రతిదినము చూచును.

మూడవది. ప్రతి సంవత్సరము నవంబరు 19వ తేదీ సాయంకాలము ఆ పుస్తకమునుండి కొన్ని పుటలు ఈ మేడమీదనే చదివింపుడు. చదువుట ముగిసిన పిమ్మట తెర కట్టి ఒక పాత సినిమా ఆడింపుడు. ఏడ్చుటకు మాత్రమే పిలిచినచో రెండవ యేడు ఎవరును రారు. నవ్వుటకును పిలిచినచో పిల్లలతో వత్తురు. ఆ మెట్లు ఎక్కుట అలవాటైన కాళ్ళు, అవసరమైన నాడు తడబడక ఎక్కును.

చివర ఒక మాట. మా మేనత్త తలకు నలుపు నిచ్చినవి కరక్కాయయు, ఇనుమును. మన తాతల కాలమున సిరా గూడ వీనితోడనే కాచెడివారు. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపినచో నల్లని సిరా యగును. అన్నభేది ఇనుమునుండి వచ్చినదే. ఒకే నలుపు. తలకు పూసికొన్నచో కొన్ని వారములు నిలుచును, మరల తెల్లని మొదళ్ళు కానవచ్చును. కాగితముమీద పెట్టినచో వందల యేండ్లు నిలుచును. తలకు వేసికొనువారు వేసికొందురు గాక. వారి కారణములు వారికున్నవి. ఆ నలుపులో కొంత ఈ గ్రంథాలయమునకు గూడ మిగుల్పుడని నా ప్రార్థన.